ముందు దస్కత్ ఎవరిది?



మా మామూ, అంటే అమ్మీకి పెద్దన్న, గుజర్ గయే చాలా ఏళ్లయింది. ఆయన మాకు ఆస్తి ఏమీ వదిలిపెట్టలేదు. ఒక్క నసీహత్ మాత్రం వదిలిపోయాడు: "బేటా, పహలే దస్కత్ మత్ కర్." ముందుగా నువ్వు సంతకం పెట్టకురా అని.

దాని వెనక ఒక కిస్సా ఉంది. బజారులో మామూకి ఒక మలిగె ఉండేది. ఒక సేఠ్‌కి ఆ మలిగె కావాలి. సేఠ్ దగ్గర ఒక పాత ఇల్లుంది, అది ఇంకో పెద్దమనిషికి కావాలి. ఆ పెద్దమనిషికి ఊరి బయట ఒక ప్లాటుంది, అది మామూకి కావాలి. డబ్బు చేతులు మారేది లేదు. మూడు దస్తావేజులు, ఒకే రోజు, ఒకే రిజిస్ట్రేషన్ ఆఫీసు. సౌదా ఖరారైంది, చాయ్ తాగారు, ముగ్గురూ చేతులు కలిపారు.

పొద్దున మామూ మలిగెను సేఠ్ పేర రాసిచ్చాడు. జొహర్ నమాజుకి ముందు సేఠ్ తన ఇంటిని ఆ పెద్దమనిషి పేర రాసిచ్చాడు. ఇక మిగిలింది ప్లాటు. పెద్దమనిషి భోంచేసి వస్తానని వెళ్లాడు. అసర్ అజాన్ అయింది, రాలేదు. కడుపునొప్పి, రేపొస్తానని కబురొచ్చింది. ఆ రేపు రాలేదు. మలిగె దస్తావేజులో "సొమ్ము పూర్తిగా ముట్టినది" అని రాసి ఉంది, కింద మామూ దస్కత్ ఉంది. అదాలత్ చుట్టూ తొమ్మిదేళ్లు తిరిగాడు. టిఫిన్ డబ్బా మోసుకుంటూ ఆయన వెంట తిరిగిన పిల్లవాణ్ని నేనే.

ఈ కిస్సా ఇప్పుడు ఎందుకంటే, మా మామూ ముసీబత్‌కి కంప్యూటర్ శాస్త్రంలో ఒక పేరుంది, నలభై ఏళ్లు దాటిన తారీఖ్ ఉంది. దాన్ని "ఫెయిర్ ఎక్స్చేంజ్" అంటారు. ఇన్సాఫ్ ఉన్న మార్పిడి అన్నమాట. ఇద్దరో ముగ్గురో నలుగురో ఒకరికొకరు ఏదో ఇచ్చుకోవాలి. చివరికి అందరికీ అందాలి, లేదా ఎవరికీ అందకూడదు. ఒకడు తీసుకుని ఇంకొకడికి ఎగ్గొట్టే దారి ఉండకూడదు. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం పెద్ద పెద్ద దిమాగులు అరిగిపోయాయి.

ఒకే మజ్లిస్

ఒక్కసారి మన తెలుగులోని మాటలు చూడండి. దస్తావేజు, ఖరారు, షరతు, వాయిదా, హామీ, జామీను, బాకీ, వసూలు, రాజీ, తకరారు, దళారి, బయానా. లేన్‌దేన్‌కి పనికొచ్చే మాటల్లో సగం ఫారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాయి. మాట ఎక్కడిదైనా, దాని వెనకున్న భయం మాత్రం ఒకటే: నేనిచ్చాక నువ్వివ్వకపోతే?

పాతకాలం వాళ్ల జవాబు సాదా. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోండి, ఒక చేత్తో ఇవ్వండి, ఒక చేత్తో తీసుకోండి. ఫిఖ్‌లో బంగారానికి వెండిని, ఒక నాణేనికి ఇంకో నాణేన్ని మార్చుకోవడాన్ని "సర్ఫ్" అంటారు. దానికి షరతు ఏంటంటే, ఇద్దరూ ఆ మజ్లిస్ నుంచి విడిపోకముందే ఎవరిది వాళ్ల కబ్జాలోకి వచ్చెయ్యాలి. సహీ ముస్లింలో హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ చెప్పిన హదీసు ఉంది. బంగారం, వెండి, గోధుమ, బార్లీ, ఖర్జూరం, ఉప్పు ఈ ఆరింటి గురించి "చేతికి చేయి" అనే ఈ ఉసూల్ అందులోనే వస్తుంది. ఉలమా దీన్ని వడ్డీ చర్చలో చదువుతారు, అది సరే. కానీ బజారు మనిషిగా చదివితే ఇందులో ఇంకొక హిక్మత్ కూడా కనిపిస్తుంది. జొహర్‌కీ అసర్‌కీ మధ్య సందు వదలకు అని.

ఆ సందు వదిలితే ఏమవుతుందో 1974 జూన్ 26న దునియా అంతా చూసింది. జర్మనీలోని కొలోన్ నగరంలో హెర్‌స్టాట్ అనే బ్యాంకు ఉండేది, విదేశీ కరెన్సీల వ్యాపారం జోరుగా చేసేది. ఆ రోజు చాలా బ్యాంకులు దానికి జర్మన్ మార్కులు కట్టేశాయి. బదులుగా న్యూయార్క్‌లో డాలర్లు రావాలి. జర్మనీలో మధ్యాహ్నం దాటేటప్పటికి న్యూయార్క్‌లో ఇంకా పొద్దునే కదా. ఆ మధ్యలోనే జర్మన్ అధికారులు బ్యాంకును మూసేశారు. మార్కులు పోయాయి, డాలర్లు రాలేదు. అచ్చం మా మామూ కథే. ఆ దెబ్బకే ఆ ఖత్రాకు "హెర్‌స్టాట్ రిస్క్" అని పేరు పడిపోయింది. రెండు వైపుల కరెన్సీలూ ఒకేసారి చేతులు మారేలా చూసే సీఎల్‌ఎస్ అనే సంస్థ 2002లో గానీ పని మొదలుపెట్టలేదు. అదీ ఎలా? మధ్యలో అందరూ ఎత్‌బార్ చేసే ఒక అమీన్‌ను కూర్చోబెట్టి.

మరి అమీన్ లేకుండా కుదరదా?

తీగ మీద సంతకం

1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు కొత్త రకం తాళం గురించి రాశారు. ఆ వెంటనే రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్‌ల ఆర్‌ఎస్‌ఏ వచ్చింది. దాంతో సంతకం కాగితం వదిలి అంకెల రూపంలో తీగ మీద ప్రయాణం చేయడం మొదలుపెట్టింది. హైదరాబాదులో ఒకడు, హాంబర్గ్‌లో ఒకడు కూర్చుని కరార్‌నామా రాసుకోవచ్చు. సౌకర్యమే, కానీ మజ్లిస్ పోయింది. చేతికి చేయి పోయింది. తీగ మీద సందేశాలు ఒకదాని తర్వాత ఒకటే వెళ్తాయి.

1980లో ఇజ్రాయెల్‌లోని హైఫా టెక్నియాన్‌లో షిమోన్ ఈవెన్, యాకోవ్ యాకోబీ ఒక చిన్న దలీల్ చెప్పారు. ఎంత సాదాగా ఉందో చూడండి. మొదటి సందేశానికి ముందు ఎవరి దగ్గరా ఎదుటివాడి సంతకం లేదు. చివరి సందేశం తర్వాత ఇద్దరి దగ్గరా ఉంది. అంటే మధ్యలో ఎక్కడో ఒక సందేశం ఉండి తీరాలి, అది అందగానే ఒకడికి పని పూర్తవుతుంది, రెండోవాడికి ఇంకా కాదు. ఒక సందేశం ఒక్కడికే కదా అందేది! సరిగ్గా అక్కడ ఆ మొదటివాడు భోజనానికి వెళ్లిపోతే? ఎన్ని సందేశాలు పెంచినా, ఎంత తెలివిగా అల్లినా, ఆ క్షణాన్ని జరపగలరే తప్ప తీసెయ్యలేరు.

ఆ రోజు మామూ ముందు దస్కత్ చేయకపోతే ఇంకెవరో చేయాల్సి వచ్చేది, ఆ ఇంకెవరో మునిగేవాళ్లు. తప్పు మామూ బోళాతనంలో లేదు, ఆ బేరం అల్లికలోనే ఉంది. ఇది తెలిశాక నా మనసు కొంచెం తేలికపడింది.

కొంచెం నువ్వు, కొంచెం నేను

ఒక్కసారిగా ఇవ్వడం కుదరకపోతే చిటికెడు చిటికెడు ఇచ్చుకుందాం అన్నారు కొందరు. మాన్యుయెల్ బ్లమ్ 1983లో రహస్య తాళంచెవులు మార్చుకునే పద్ధతి రాశాడు. 1985లో ఈవెన్, గోల్డ్‌రైష్, లెంపెల్ కరార్‌నామా మీద సంతకాల కోసం ఇంకో పద్ధతి రాశారు. దానికి పునాది అంతకుముందు 1981లో మైకేల్ రాబిన్ వేసిన ఒక వింత ఉపాయం. నేను నీకో రహస్యం పంపుతాను. అది నీకు అందే అవకాశం సగం, అందకపోయే అవకాశం సగం. అందిందో లేదో నాకు తెలియదు. పంపినవాడికే తెలియకపోవడం దేనికి పనికొస్తుంది అనిపిస్తుంది కదూ? ఎప్పుడు పారిపోతే లాభమో వాడికి తెలియకుండా చేయడానికి పనికొస్తుంది.

చిటికెడు పద్ధతిలో, ఎవడు ఎక్కడ ఆపినా ఎదుటివాడికంటే ఒక్క చిటికెడు మాత్రమే ముందుంటాడు. మిగిలింది ఇద్దరూ కంప్యూటర్ పెట్టి వెతుక్కోవాలి. ఇంకా 40 బిట్లు మిగిలి ఉంటే వెతకాల్సినవి సుమారు 1.1 లక్షల కోట్ల తాళాలు. ఇద్దరికీ దాదాపు ఒకే కష్టం, కాబట్టి ఇన్సాఫ్ అన్నారు. కానీ ఒకడి దగ్గర పెద్ద యంత్రం, ఇంకొకడి దగ్గర చిన్న లాప్‌టాప్ ఉంటే? ఒకడు పూటలో తెరిచేస్తాడు, ఇంకొకడికి నెలలు పడుతుంది. గరీబుకు ఇక్కడా నష్టమే.

అదే బ్లమ్ 1981లో ఇంకో సవాల్ తెచ్చాడు. తలాక్ అయిన ఒక జంట, వేరు వేరు ఊళ్లలో ఉన్నారు, కారు ఎవరికో ఫోన్‌లో బొమ్మా బొరుసూ వేసి తేల్చుకోవాలి. ఎలా? బ్లమ్ దారి చూపించాడు. కానీ 1986లో రిచర్డ్ క్లీవ్ ఆ దారి హద్దు చూపించాడు. ఫలితం ముందుగా తెలిసేవాడు ఒకడుంటాడు, నచ్చకపోతే వాడు ఫోన్ పెట్టేస్తాడు. ఎన్ని విడతలు పెట్టినా ఆ వంకర తగ్గుతుంది గానీ సున్నా కాదు. మందిలో సగం మంది బేఈమాన్లయితే ఏ లెక్కా పూర్తిగా కాపాడలేదని తేల్చేశాడు.

ఈ మాటను తిప్పి చదివితే ఉమ్మీద్ కూడా ఉంది. సగంకంటే ఎక్కువమంది ఈమాన్‌దారులైతే? 1988లో రెండు బృందాలు వేరు వేరుగా, మూడింట రెండొంతులకంటే ఎక్కువమంది నిజాయితీగా ఉంటే చాలని చూపించాయి. 1989లో తాల్ రాబిన్, మైకేల్ బెన్-ఓర్ కలిసి, ప్రతి మాటా అందరికీ ఒకేసారి వినపడే ఏర్పాటుంటే సగానికి పైన చాలన్నారు. ఈ తాల్ రాబిన్, పైన చెప్పిన మైకేల్ రాబిన్ బేటీయే. ఉపాయం ఏంటంటే, రహస్యం తెరవకముందే దాన్ని ముక్కలు చేసి అందరికీ పంచేయడం. ఎవరి ముక్క వాళ్ల దగ్గర ఉంటే ఏమీ తెలియదు, సగానికి పైన కలిస్తే బయటపడుతుంది. ఆ తర్వాత ఒకడు అలిగి వెళ్లిపోయినా, వాడు ఇవ్వాల్సింది అప్పటికే జమాత్ దగ్గర ఉంది.

మా మామూ, సేఠ్ ఇద్దరూ సచ్చే ఆద్మీ. ముగ్గురిలో ఇద్దరు. లెక్క ప్రకారం సరిపోయేది.

ఝగడా వస్తేనే ఖాజీ

1990ల్లో ఇంటర్నెట్ మీద కొనడం అమ్మడం మొదలయ్యాక ఈ సవాల్ కితాబుల్లోంచి దుకాణంలోకి వచ్చింది. అమీన్ లేకుండా గట్టి ఇన్సాఫ్ కుదరదని 1999లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పాగ్నియా, గార్ట్నర్ రాశారు. కానీ ప్రతి సౌదాకీ అమీన్‌ను పిలిస్తే వాడికి ఫీజు, వాడి గుమ్మం దగ్గర లైను.

అశోకన్, షుంటర్, వైడ్నర్ అనే ముగ్గురు 1996-97లో దీనికి ఒక తోవ చూపించారు. దాన్ని "ఆప్టిమిస్టిక్" పద్ధతి అన్నారు. నేనైతే ఝగడా వస్తేనే ఖాజీ అంటాను. ముందు నేను నా సంతకాన్ని ఒక డబ్బాలో పెట్టి తాళమేసి నీకిస్తాను. తాళంచెవి ఖాజీ దగ్గర ఉంటుంది. కానీ లోపల ఉన్నది నా అసలు సంతకమేనని తెరవకుండానే నువ్వు సరిచూసుకోవచ్చు. నువ్వూ అలాంటి డబ్బానే నాకిస్తావు. తర్వాత ఇద్దరం అసలు సంతకాలు ఇచ్చుకుంటాం. అంతా బాగుంటే ఖాజీకి ఖబరే ఉండదు. నేనిచ్చాక నువ్వు మొహం చాటేస్తే, నీ డబ్బా పట్టుకుని ఖాజీ దగ్గరికి వెళ్తాను, తెరిచి ఇస్తాడు. నా డబ్బా నీకు పంపాక నీ నుంచి ఏమీ రాకపోతే, సౌదా రద్దు చేయమని అడుగుతాను. ఖాజీ తన రిజిస్టర్‌లో ఒకటే రాస్తాడు: రద్దు, లేదా ఖాయం. ముందు వచ్చినవాడి మాట ఒకసారి రాశాక మార్చడు.

ఇద్దరి మధ్య ఇది బ్రహ్మాండంగా నడిచింది. అసలు పరీక్ష ముగ్గురు, నలుగురు చేరినప్పుడు మొదలైంది.

1999లో గారాయ్, మెకెంజీ ఎంతమంది ఉన్నా పనికొస్తుందని ఒక ప్రోటోకాల్ రాశారు. అందులో ఇంకో మంచి షరతు కూడా పెట్టారు. బజారులో మనం చూసేదే. నువ్వు నాకు రాసిచ్చిన మాట పట్టుకుని నేను ఇంకొకడి దగ్గరికి వెళ్లి, "ఇదిగో, ఈయన ఇంతకిస్తానన్నాడు, నువ్వు పెంచుతావా?" అని బేరం పెంచుకోకూడదు. సౌదా పూర్తయ్యేదాకా నీ మాట నాకు తప్ప ఇంకెవరికీ సబూత్‌గా పనికిరాకూడదు. ఇది మర్యాదగల షరతు.

2004లో చద్దా, క్రెమర్, షెడ్రోవ్ ఆ ప్రోటోకాల్‌ను యంత్రంతో అన్ని దారులూ నడిపించి చూశారు. ముగ్గురు సంతకందారులు ఉన్నప్పుడు పట్టు దొరకలేదు. నలుగురయ్యేసరికి సందు బయటపడింది. ఖాజీ నియమాలు మార్చి దాన్ని పూడ్చారు. 2006లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ముఖమెదోవ్, రయాన్ ఇంకో అడుగు ముందుకెళ్లారు. ఐదుగురు, అంతకుమించి ఉంటే ఆ సందేశాల అల్లికే తప్పు అన్నారు. ఒక హాలత్ వస్తుంది, అప్పుడు ఖాజీ ఖాయం అన్నా ఎవరికో అన్యాయమే, రద్దు అన్నా ఎవరికో అన్యాయమే. ఖాజీ ఎంత నేక్ మనిషైనా సరే, ఏం రాసినా ఒకరి గొంతు కోసినట్టే. తర్వాత వాళ్లు వేరే అల్లికతో కొత్త ప్రోటోకాల్ రాశారు, అది వేరే సంగతి.

ఇది చదివి నేను చాలాసేపు ఊరకే కూర్చున్నాను. మా మామూ కేసులో జడ్జి సాబ్ ముందు కూడా అదే హాలత్. రిజిస్టరైన దస్తావేజును కొట్టేస్తే సేఠ్‌కి అన్యాయం, ఆయన తన ఇల్లు ఇచ్చేశాడు. ఉంచితే మామూకి అన్యాయం. చిన్నప్పుడు ఆ జడ్జిని మనసులో చాలా తిట్టుకున్నాను. అల్లిక తప్పయినచోట చివర్లో కూర్చున్నవాడు ఎంతమాత్రం సర్దగలడు?

బయానా, గడియారం

బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. దాని మంచి చెడ్డా, హలాల్ హరామ్ బహస్ ఇంకోసారి. కానీ ఫెయిర్ ఎక్స్చేంజ్ వాళ్లకు దాంట్లో ఒకటి దొరికింది: అందరికీ కనిపించే, ఎవరూ చెరపలేని ఖాతా. 2014లో వార్సా విశ్వవిద్యాలయం వాళ్లు, అదే ఏడాది బెంటోవ్, కుమారేశన్ ఒక మాటే అన్నారు. పారిపోవడాన్ని ఆపలేం, క్లీవ్ ఆనాడే చెప్పాడు. కానీ పారిపోయినవాడికి ఖరీదు పెట్టొచ్చు. అందరూ ముందే కొంత సొమ్ము ఆ ఖాతాలో కట్టాలి. మధ్యలో వెళ్లిపోయినవాడి సొమ్ము మిగతావాళ్లకు పోతుంది. మన బయానా లాంటిదే. బయానా జప్తు చేయొచ్చా అన్నది ఫిఖ్‌లోనూ పాత బహసే. హంబలీలు ఒప్పుకున్నారు, మిగతా మూడు మజ్‌హబ్‌ల వాళ్లు ఎక్కువగా ఒప్పుకోలేదు.

2018లో బ్రౌన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మారిస్ హెర్లిహీ రాసింది చూసి నేను ఉలిక్కిపడ్డాను. అందులో ముగ్గురున్నారు. ఒకరికి కాడిలాక్ కారు అమ్మి బిట్‌కాయిన్ కావాలి, ఒకరికి ఆ కారు కావాలి కానీ వేరే నాణెం ఉంది, ఒకరు ఆ నాణెం తీసుకుని బిట్‌కాయిన్ ఇస్తారు. మలిగె, ఇల్లు, ప్లాటు!

ఆయన లెక్కను మామూ బేరానికి పెడితే ఇలా ఉంటుంది. మామూ ఒక రహస్య తాళంచెవి చేసుకుని, దానికి సరిపోయే తాళం నమూనా అందరికీ ఇస్తాడు. మలిగెను సేఠ్ పేర పెడతాడు, కానీ ఆ తాళం వేసి, ఆరు రోజుల గడువుతో. అది చూశాక సేఠ్ ఇంటిని పెద్దమనిషి పేర అదే తాళంతో పెడతాడు, గడువు ఐదు రోజులు. అది చూశాక పెద్దమనిషి ప్లాటును మామూ పేర పెడతాడు, నాలుగు రోజులు. ఇప్పటిదాకా ఎవరిదీ చేయి మారలేదు. మామూ తాళంచెవితో ప్లాటు తెరుచుకుంటాడు. తెరవగానే ఆ తాళంచెవి ఖాతాలో అందరికీ కనిపిస్తుంది. దాంతో పెద్దమనిషి ఇల్లు తెరుచుకుంటాడు, సేఠ్ మలిగె తెరుచుకుంటాడు. గడువులు ఒక్కో రోజు తేడాతో ఎందుకంటే, తాళంచెవి చూసినవాడికి వాడుకునే తీరిక ఉండాలి కాబట్టి. పెద్దమనిషి ప్లాటు పెట్టకుండా భోజనానికి వెళ్లిపోయాడా, గడువు తీరగానే ఎవరిది వాళ్లకు తిరిగొచ్చేస్తుంది. అసర్ అజాన్‌కి అందరూ ఇంటికెళ్లి నిద్రపోవచ్చు.

ఇందులోనూ కసర్ ఉంది. తాళంచెవి ఉన్నవాడికి నాలుగు రోజులు ఆలోచించుకునే వీలుంది. ఆలోగా ధర మారితే తెరవకుండా ఊరుకోవచ్చు, మిగతావాళ్ల ఆస్తి అన్ని రోజులూ ఇరుక్కుపోతుంది. ఇంకా పెద్ద మాట, మన దగ్గర భూమి ఆ ఖాతాలో లేదు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉంది. దొంగ దస్తావేజు పెట్టి తాళమేస్తే ఆ తాళానికేం తెలుసు? గడువు కొలిచే గడియారాన్ని, అందరూ చూసే ఆ ఖాతాని కూడా ఎవరో ఒకరు నడపాలి, వాళ్లనూ నమ్మాలి. 1980లో హైఫాలో చెప్పిన మాట ఇంకా నిలబడే ఉంది. అమీన్ పోలేదు, రూపం మార్చుకున్నాడు.

అందుకే ఎత్‌బార్ అవసరం తీరిపోయిందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఈ నలభై ఏళ్ల తారీఖ్ నాకు నేర్పింది వేరు. ఎవర్ని, ఎంత, ఏ ఘడియలో నమ్మాల్సి వస్తుందో ముందే లెక్కేసుకుని కూర్చోవచ్చు. ఈసారి మీ ఇంట్లో పంపకాలు జరిగినా, ముగ్గురు నలుగురు కలిసి ఏదైనా రాసుకున్నా, ఒక్క ప్రశ్న అడగండి: ఇప్పుడు ఈయన లేచి వెళ్లిపోతే ఎవరి చేతిలో ఏముంటుంది? ప్రతి దస్కత్‌కీ ముందు అడగండి. అడిగితే ఎవరైనా బురా మానుకుంటే, అప్పుడే ఆగిపోండి.

ఆ ప్లాటు పక్కనుంచి తర్వాత పెద్ద రోడ్డు పడింది. ఇప్పుడక్కడ షాదీఖానా ఉంది. పోయిన నెల ఒక నికాకి వెళ్లాను. ఖాజీ సాబ్ ఇజాబ్, ఖుబూల్ ఒకే మజ్లిస్‌లో, గవాహుల ముందు చెప్పించాడు. ముందు అటు, తర్వాత ఇటు దస్కత్‌లు పడ్డాయి. ఎవరూ లేచి వెళ్లలేదు. నేను బిర్యానీ తినకుండానే బయటికొచ్చి, మామూ కోసం ఫాతిహా చదువుకుని ఇంటికొచ్చేశాను.